కుళ్లిన మృతదేహాల్లో గాయాల గుర్తింపు: వర్ణపట పరీక్ష

కుళ్లిన మృతదేహంపై గాయాలను కాంతి, ఎక్స్-రే వర్ణపటాల ఆధారంగా గుర్తించే న్యాయవైద్య పద్ధతి. దేహం కుళ్లేకొద్దీ చర్మం ఆకుపచ్చగా, ఆపై నల్లగా మారి, కమిలిన గాయాలు కంటికి ఆనవు. అక్కడ గూడుకట్టిన రక్తంలోని హిమోగ్లోబిన్ సుమారు 415 నానోమీటర్ల వద్ద, అది విరిగి ఏర్పడే బిలిరుబిన్ సుమారు 460 వద్ద కాంతిని బాగా పీల్చుకుంటాయి. తుపాకీ గాయమైతే చర్మంలో చిక్కుకున్న సీసం, బేరియం, యాంటిమొనీ రేణువులను ఎక్స్-రే వర్ణపటం పట్టిస్తుంది. కుళ్లడం వల్ల కూడా హిమోగ్లోబిన్ విరిగిపోతుంది కనుక ఫలితాన్ని కణజాల పరీక్షతో సరిచూడాలి. ఆలస్యంగా బయటపడే మృతదేహాల నుంచి అనుమానిత చర్మంతోపాటు పోలిక కోసం గాయం లేని చర్మాన్నీ విడిగా సేకరించాలి.