పికడిల్లీ కూడలి క్రింద

లండను నడిబొడ్డున నున్న పికడిల్లీ సర్కస్ వినోదశాల కాదు. వీథులు కలియు కూడలి. 1906లో అచట తెఱవబడిన భూగర్భ రైలు స్టేషనుకు లిఫ్టులే ఆధారము. 1907లో 15 లక్షలుగా నున్న ప్రయాణికుల సంఖ్య 1922 నాటికి 180 లక్షలయ్యెను, లిఫ్టులు చాలకపోయెను. చుట్టును కట్టడములు క్రిక్కిఱిసి యుండుటచే నేలపై విస్తరించుటకు తావు లేదు. అందుచే చార్లెస్ హోల్డెన్ అను వాస్తుశిల్పి, కూడలి క్రిందనే వర్తులప్రాయమగు టిక్కెట్ల మందిరమును రూపొందించెను. 1925లో పని మొదలయ్యెను. కూడలిలోని ఈరోస్ విగ్రహమును థేమ్స్ తీరపు ఉద్యానమునకు తరలించిరి. ప్రాత స్టేషను పనిచేయుచుండగనే క్రొత్తది కట్టుట ఆ పనివారి ఘనత. 1928 డిసెంబరులో, విద్యుచ్ఛక్తిచే కదలు 11 మెట్ల వరుసలతో నూతన స్టేషను తెఱవబడెను. 1931లో విగ్రహము మరలి వచ్చెను. నేడు దానిని చూడవచ్చువారు పెక్కురు. తమ పాదముల క్రింది మందిరమును తలచువారు కొందఱే.