నీటి అడుగున ఒక దేశం

1992లో డెట్రాయిట్ నుంచి ‘డీప్ సీ డ్వెల్లర్’ అనే టెక్నో రికార్డు వచ్చింది. చేసినవాళ్ళ పేరు డ్రెక్సియా. ఎవరో, ఏమిటో చెప్పలేదు. ముఖాలు చూపించలేదు. బుడగల్లా పైకి తేలే సింథ్, ఆగకుండా తరిమే డ్రమ్ మెషీన్. మాటలు దాదాపు లేవు. జనం డాన్స్ చేశారు, అంతే.

అయిదేళ్ళ తర్వాత, 1997లో, ‘ద క్వెస్ట్’ అనే సంకలనంతో పాటు ఒక చిన్న నోట్ అచ్చయింది. అందులో ఓ ప్రశ్న ఉంది. బానిస ఓడల మీంచి అట్లాంటిక్‌లోకి విసిరేసిన గర్భిణులు నీళ్ళలోనే కని ఉంటే? ఉమ్మనీటిలో బతికిన బిడ్డ సముద్రంలోనూ బతకగలిగితే? ఆ పిల్లల సంతతే డ్రెక్సియన్లట.

బిడ్డలు బతకడం కల్పన. విసిరేయడం కల్పన కాదు. 1781లో జాంగ్ అనే బ్రిటిష్ ఓడ సిబ్బంది 130 మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలోకి తోసేశారు. 1783లో లండన్ కోర్టుకెక్కిన కేసు హత్య కేసు కాదు, ఇన్సూరెన్స్ కేసు. పోయిన ‘సరుకు’కి డబ్బు ఎవరివ్వాలన్నదే తగువు. చరిత్రకి మిగిలిన కాగితం అలాంటిది.

ఆ కాగితంలో లేనివాళ్ళకి జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్ అనే ఇద్దరు నల్లజాతి యువకులు ఒక దేశాన్నిచ్చారు. నోట్ చదివాక పాత రికార్డులు మళ్ళీ వింటే ఆ బుడగలు వట్టి బుడగల్లా వినిపించవు. ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

మునిగినవాళ్ళని కథలో బతికించేస్తే దారుణం తేలికైపోదా? నాకూ ఈ అనుమానం వచ్చింది. కానీ ఈ సంగీతంలో ఓదార్పు తక్కువ. ఒక రికార్డు పేరే ‘అక్వాటిక్ ఇన్వేజన్’. అంటే జలదండయాత్ర. బతికినవాళ్ళు జోలపాటతో కాదు, లెక్క అడగడానికి వస్తున్నారు.

స్టిన్సన్ 2002లో, ముప్ఫై రెండేళ్ళకే చనిపోయాడు. కథ ఆగలేదు. క్లిప్పింగ్ అనే ర్యాప్ బృందం పాటలోకి, అక్కణ్ణుంచి 2019లో రివర్స్ సాలొమన్ నవల ‘ద డీప్’లోకి ఈదుకుంటూ వెళ్ళింది. నవలలో ఆ జలజాతి తన గతాన్ని మర్చిపోయి బతుకుతుంది. అందరి జ్ఞాపకాలూ ఒక్కతే మోస్తుంటుంది. ఆ బరువు ఆమెని చంపేస్తుంటుంది.

డ్రెక్సియా ఆ బరువునే డాన్స్ ఫ్లోర్ మీద నలుగురికీ పంచింది. అయిదేళ్ళు వాళ్ళకి తెలియకుండానే.