వేడినీళ్లకు సోలార్ హీటరా, రూఫ్‌టాప్ ప్యానెళ్లా? గోదావరిఖని ఇళ్లకు ఏది లాభం?

డిసెంబరు వచ్చిందంటే గోదావరిఖని, రామగుండం, ఎన్టీపీసీ పరిసరాల్లో తెల్లవారుజామునే గీజర్లు ఆన్ అవుతాయి. ఆ నెల మీటరు రీడింగ్ 200 యూనిట్లు దాటుతుంది. గృహజ్యోతి కింద అప్పటిదాకా సున్నా బిల్లు వచ్చిన ఇంటికి ఒక్కసారిగా వెయ్యి రూపాయలకు పైగా బిల్లు వస్తుంది. సరిగ్గా ఇదే సమయంలో ‘మేడ మీద సోలార్ పెట్టించుకోండి, సబ్సిడీ కూడా ఉంది’ అనే ప్రకటనలు ఫోన్లలో కనిపిస్తుంటాయి.

ఆ సబ్సిడీ దేనికి? నీళ్లు వేడిచేసే హీటర్‌కా, కరెంటు ఇచ్చే ప్యానెళ్లకా? మీ ఇంటికి ఏది సరిపోతుంది? డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

గీజర్ వేస్తే బిల్లు ఎందుకంత మారుతుంది?

నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరికి 20 లీటర్ల వేడినీళ్లు అనుకుందాం. చలికాలపు ఉదయం ట్యాంకు నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంటే, వాటిని స్నానానికి సరిపోయే 40 డిగ్రీలకు తేవడానికి రోజుకు దాదాపు 2 యూనిట్లు ఖర్చవుతాయి. అంటే నెలకు 55 నుంచి 60 యూనిట్లు.

ఇవి మామూలు 60 యూనిట్లు కావు. మామూలు నెలల్లో 170 యూనిట్లు వాడే ఇల్లు చలికాలంలో 230కి చేరుతుంది. గృహజ్యోతి పథకం 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. నెల వాడకం 200 యూనిట్ల లోపు ఉంటేనే అర్హులకు సున్నా బిల్లు వస్తుంది. దాటితే పైన వాడిన 30 యూనిట్లకు మాత్రమే కాదు, మొత్తం 230 యూనిట్లకూ కట్టాలి. 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లకు యూనిట్ రూ.5.10, ఆపై 300 వరకు రూ.7.70 చొప్పున లెక్కిస్తారు. ఈ లెక్కన ఒక్క ఎనర్జీ చార్జీలే రూ.1,251. ఫిక్స్‌డ్ చార్జీలు, ఇతర చార్జీలు దీనికి అదనం.

గృహజ్యోతి లేని ఇళ్లకూ ఈ గీత ముఖ్యమే. 195 యూనిట్లు వాడితే ఎనర్జీ చార్జీలు రూ.796. మరో 20 యూనిట్లు పెరిగి 215 అయితే రూ.1,135. స్లాబు మారడం వల్ల ఆ 20 యూనిట్లకు దాదాపు రూ.340 భారం పడుతుంది.

రెండూ సోలారే, కానీ పని వేరు

సోలార్ వాటర్ హీటర్ కరెంటు తయారు చేయదు. ఎండ వేడిని నేరుగా నీళ్లకు ఎక్కిస్తుంది. వేడెక్కిన నీళ్లు తేలికై పైనున్న ట్యాంకులోకి వెళ్తాయి, చల్లటివి కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. ట్యాంకు చుట్టూ వేడి పోకుండా పొర ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం కాగిన నీళ్లు మర్నాడు ఉదయం స్నానానికి అందుతాయి.

రూఫ్‌టాప్ ప్యానెల్ ఎండను కరెంటుగా మారుస్తుంది. మరి ఉదయం ఆరింటికి గీజర్ వేసేటప్పుడు ఎండ ఉండదు కదా? అక్కడే నెట్ మీటర్ పని చేస్తుంది. పగలు మీరు వాడగా మిగిలిన యూనిట్లు గ్రిడ్‌లోకి వెళ్తాయి. మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి వాటిని తీసేసి బిల్లు వేస్తారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: బ్యాటరీ లేని మామూలు నెట్ మీటర్ సిస్టమ్ లైన్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు.

ఎండలోంచి రాబట్టుకునే శక్తి చూస్తే హీటరే మేలు. మంచి హీటర్ తన మీద పడ్డ ఎండలో దాదాపు సగాన్ని వేడిగా పట్టుకుంటుంది. ప్యానెల్ అయిదో వంతునే కరెంటుగా మార్చగలదు. కానీ ఇంటి లెక్క అక్కడితో అయిపోదు.

సబ్సిడీ దేనికి?

కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన కరెంటు ఇచ్చే ప్యానెళ్లకే వర్తిస్తుంది. 1 కిలోవాట్‌కు రూ.30 వేలు, 2 కిలోవాట్లకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా గరిష్ఠంగా రూ.78 వేలు రాయితీ వస్తుంది.

సోలార్ వాటర్ హీటర్‌కు ఈ పథకంలో పైసా రాదు. జాతీయ సోలార్ మిషన్ కింద హీటర్లకు ఒకప్పుడు ఇచ్చిన కేంద్ర రాయితీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడున్న ఊరట జీఎస్టీ తగ్గింపే. 2025 సెప్టెంబరు 22 నుంచి హీటర్లపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ‘సూర్యఘర్ సబ్సిడీతో హీటర్’ అని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే నమ్మకండి.

ఇక్కడి ఎండ లెక్క

బొగ్గు కరెంటుకు పేరుపడ్డ ఈ ప్రాంతంలో ఎండకూ కొదవ లేదు. ఎన్టీపీసీ రామగుండం రిజర్వాయర్‌పై సుమారు 500 ఎకరాల్లో పరుచుకున్న 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022 జులై 1 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. సింగరేణి సంస్థ కూడా తన గనుల ప్రాంతాల్లో సోలార్ ప్లాంట్లు పెట్టింది. ఇవన్నీ కరెంటు ప్యానెళ్లే.

ఇంటి విషయానికొస్తే చూడాల్సింది ఏడాది పొడవునా వాడకం. మే నెలలో రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకుతుంది. అప్పుడు సింటెక్స్ ట్యాంకు నీళ్లే చేయి పెట్టలేనంతగా కాగుతాయి. ఇక్కడ వేడినీళ్లు నిజంగా కావాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. మిగతా నెలల్లో హీటర్ చాలా ఇళ్లలో ఊరికే ఉంటుంది. ప్యానెల్ మాత్రం వేసవిలో కూలర్‌కు, ఏసీకి, చలికాలంలో గీజర్‌కు, పన్నెండు నెలలూ పనికొస్తుంది. బెంగళూరులోనో ఊటీలోనో హీటర్ బాగా గిట్టుబాటైందని ఇక్కడా అలాగే అవుతుందనుకోలేం.

మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుంది?

1. చలికాలం తప్ప మిగతా నెలల్లో సున్నా బిల్లు వచ్చే ఇల్లు: ప్యానెళ్లు పెట్టినా ఆదా చేసుకోవడానికి పెద్దగా బిల్లే లేదు. లక్ష ఖర్చు చేసేముందు ఆగండి. ముందు గీజర్ థర్మోస్టాట్‌ను 45–50 డిగ్రీలకు తగ్గించండి, ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే స్నానాలు ముగించండి. అయినా 200 దాటుతుంటే 100 లీటర్ల హీటర్ ఆలోచించవచ్చు. బ్రాండును బట్టి రూ.15 వేల నుంచి రూ.25 వేల వరకు ఉంటుంది. ఏటా మూడు నెలలు రూ.1,250 చొప్పున బిల్లు తప్పితే డబ్బు తిరిగి రావడానికి నాలుగు నుంచి ఏడేళ్లు పడుతుంది.

2. ఏడాదంతా 250–300 యూనిట్లు వాడే సొంతిల్లు: ప్యానెళ్లే లాభం. 300 యూనిట్లకు ఎనర్జీ చార్జీలే నెలకు రూ.1,790. 3 కిలోవాట్ల సిస్టమ్ నెలకు సగటున 300 యూనిట్లకు పైగా ఇస్తుంది. కొటేషన్‌ను బట్టి రాయితీ పోను లక్ష నుంచి లక్షా పాతిక వేలు చేతి నుంచి పెట్టాల్సి రావచ్చు. అయిదారేళ్లలో ఆ డబ్బు వస్తుంది. ఉన్న గీజర్‌నే వాడుకోండి. నీడ పడని చోటు కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి.

3. ఏడాదంతా వేడినీళ్లు కావాల్సిన చోట: వృద్ధులు, పసిపిల్లలున్న పెద్ద కుటుంబం, హాస్టల్, మెస్ లాంటి వాటికి హీటర్ త్వరగా గిట్టుబాటవుతుంది.

4. కంపెనీ క్వార్టర్, అద్దె ఇల్లు: సూర్యఘర్‌కు ఇల్లు సొంతమై ఉండాలి, కరెంటు కనెక్షన్ ఉండాలి. కాబట్టి క్వార్టర్‌లో ఉన్నప్పుడు మీ పేరున రాయితీ రాదు. రిటైరయ్యాక ఉండటానికి ఇప్పుడు ఇల్లు కడుతుంటే మాత్రం మేడ మీద దక్షిణం వైపు ఖాళీ వదలండి. బాత్రూమ్‌కు సీపీవీసీ వేడినీళ్ల పైపు ఇప్పుడే వేయించండి. తర్వాత గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.

ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే?

ఊరి శివార్లలో ఫామ్‌హౌస్ కట్టుకునేవారు అడిగే ప్రశ్న ఇది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతున్న చిన్న పూల్‌లో 38 వేల లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. వాటిని ఒక్క డిగ్రీ వేడిచేయాలంటే దాదాపు 45 యూనిట్లు కావాలి. అయిదు డిగ్రీలకు 220 యూనిట్ల పైమాటే. అంటే ఒక ఇంటి నెల గృహజ్యోతి కోటా ఒక్క పూటలో కరిగిపోతుంది. కరెంటుతో పూల్ వేడిచేయడం అందుకే దండగ.

పూల్‌కు ఇంటి హీటర్ ట్యూబులూ అక్కర్లేదు. నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటే చాలు కాబట్టి అద్దం లేని నల్లటి ప్లాస్టిక్ లేదా రబ్బరు కలెక్టర్లు సరిపోతాయి. ఫిల్టర్ పంపే నీటిని వాటిలోంచి తిప్పుతుంది. పూల్ నీటి వైశాల్యంలో సగం నుంచి అంతే వైశాల్యం వరకు కలెక్టర్లు పెట్టాలి. అంతకంటే ముందు కొనాల్సింది పూల్ కవర్. పూల్ కోల్పోయే వేడిలో ఎక్కువ భాగం నీళ్లు ఆవిరైపోవడం వల్లే పోతుంది. రాత్రి కప్పి ఉంచితే వేడీ నీళ్లూ రెండూ మిగులుతాయి.

బోరునీళ్లు, బొగ్గు దుమ్ము, కోతులు

హీటర్లలో రెండు రకాలున్నాయి. రాగి గొట్టాలుండే ఫ్లాట్ ప్లేట్ గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ ఉప్పు ఎక్కువున్న బోరునీళ్లు నేరుగా పంపితే లోపల తెల్లటి పొర పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. గాజు ట్యూబుల రకం ధర తక్కువ, బోరునీళ్లను కాస్త తట్టుకుంటుంది. అయితే కోతులు తిరిగే కాలనీల్లో ట్యూబులు పగులుతాయి, పైన జాలీ వేయించాలి. ఫ్లాట్ ప్లేట్ కొంటే ఐఎస్ 12933 గుర్తు చూడండి.

మీ ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు భాగం సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే నీళ్లు ఎక్కవు. ట్యాంకులోని కరెంటు కాయిల్‌ను మబ్బు రోజుల్లో మాత్రమే వేయండి. నిత్యం ఆన్‌లో ఉంచితే అది గీజర్‌తో సమానం.

ఓపెన్‌కాస్టులు, బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పక్కన దుమ్ము ఎక్కువ. ప్యానెల్‌ను వారానికోసారి తెల్లవారుజామున మెత్తటి గుడ్డతో, మంచి నీళ్లతో తుడవండి. మధ్యాహ్నం కాలిన అద్దంపై చల్లనీళ్లు పోయొద్దు.

దరఖాస్తు ఎలా?

పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో మొబైల్ నంబరు, కరెంటు సర్వీసు నంబరుతో నమోదు కావాలి. పెద్దపల్లి జిల్లాకు డిస్కం టీజీఎన్‌పీడీసీఎల్. పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే ఎంచుకోండి. ప్యానెళ్లు దేశంలో తయారైనవి కాకపోతే రాయితీ రాదు, కాబట్టి ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి. బిగింపు అయ్యాక నెట్ మీటర్ పెడతారు, తనిఖీ చేస్తారు. ఆ తర్వాతే రాయితీ మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గత 12 నెలల కరెంటు బిల్లులు ముందు పెట్టుకుని ఎన్ని నెలలు 200 దాటిందో లెక్కపెట్టండి. రెండు మూడు నెలలే అయితే మీ సమస్య వేడినీళ్లది. ఎనిమిది, తొమ్మిది నెలలైతే కరెంటుది. ఏది కొనాలో ఆ బిల్లులే చెబుతాయి.