నానీ ట్యాక్స్ (అమెరికా)

పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఆయాను పెట్టుకున్న కుటుంబం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, నిరుద్యోగ భృతి కింద కట్టవలసిన పన్నులన్నిటినీ కలిపి అమెరికాలో నానీ ట్యాక్స్ అంటారు. ఆ పేరుతో విడిగా చట్టమేదీ లేదు. వంటమనిషిని పెట్టుకున్నా ఇవే నియమాలు వర్తిస్తాయి.

1935 ఆగస్టు 14న రూజ్‌వెల్ట్ అధ్యక్ష హోదాలో సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టం వృద్ధాప్య పింఛనుకు పునాది వేసింది. అయితే పొలం కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవారినీ అందులో చేర్చలేదు. వాళ్ల నుంచి పన్ను రాబట్టడం ప్రభుత్వానికి తలకు మించిన పని అవుతుందని ఆర్థిక మంత్రి హెన్రీ మోర్గెంథావ్ కాంగ్రెస్ కమిటీకి చెప్పాడు. దక్షిణాది సభ్యుల ఒత్తిడే అసలు కారణమని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. కారణం ఏదైనా దీనివల్ల నల్లజాతి స్త్రీలు బాగా నష్టపోయారు. దక్షిణాదిలో వాళ్లకు దొరికిన పనులు ప్రధానంగా పొలం కూలి, ఇంటిపని ఈ రెండే. 1938 నాటి కనీస వేతన చట్టం కూడా ఈ పనివారిని పట్టించుకోలేదు.

1950 సవరణతో ఇళ్లలో పనివారికి సోషల్ సెక్యూరిటీ తలుపు కొంత తెరుచుకుంది. 1951 జనవరి నుంచి, ఒకే ఇంట్లో మూడు నెలల్లో 24 రోజులైనా పనిచేసి 50 డాలర్లు సంపాదించిన మనిషి పేరున పన్ను కట్టవలసివచ్చింది. జీతంలో నూటికి డాలరున్నర పనిమనిషి వాటా, అంతే యజమాని వాటా. టెక్సాస్‌లోని మార్షల్ పట్టణంలో కొందరు గృహిణులు దీనికి ఎదురుతిరిగారు. ప్రభుత్వం తరఫున పన్ను వసూలు చేసిపెట్టడం తమ పని కాదని కోర్టుకెక్కారు. 1953లో అప్పీళ్ల కోర్టులో ఓడిపోయారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఆ పోరాటాన్ని స్వేచ్ఛ పేరుతో నడిపినా, మధ్యలో ఉన్నది పనిమనిషి ముసలితనపు కూడు.

కనీస వేతనం ఇళ్లలో పనివారికి 1974లో గానీ దక్కలేదు. అందుకోసం కాంగ్రెస్‌లో గట్టిగా నిలబడినవారిలో షర్లీ చిజమ్ ఒకరు. అప్పుడప్పుడు వచ్చి పిల్లల్ని చూసిపోయేవారికి మాత్రం మినహాయింపు ఉంచారు. 1986 వలస చట్టంతో ఇంకో బాధ్యత కూడా వచ్చి చేరింది. పనిలో పెట్టుకున్నప్పుడు ఆ మనిషికి దేశంలో పనిచేసే అనుమతి ఉందో లేదో కాగితాలు చూసి ఐ-9 పత్రం నింపాలి.

ఈ నియమాలను చాలా ఇళ్లు గాలికొదిలేశాయన్న సంగతి 1993 జనవరిలో దేశమంతా తెలిసింది. అధ్యక్షుడు క్లింటన్ అటార్నీ జనరల్ పదవికి ఎంపిక చేసిన జోయీ బేర్డ్, అనుమతి లేని పెరూ దంపతులను ఆయాగా, డ్రైవరుగా పెట్టుకుని పన్ను కట్టలేదని బయటపడింది. ఆమె తప్పుకోవలసివచ్చింది. తర్వాత పరిశీలనకు వచ్చిన జడ్జి కింబా వుడ్ పన్ను కట్టారు. అనుమతి లేని ఆయాను ఆమె పెట్టుకున్నది 1986 చట్టానికి ముందు, అప్పటికి అది నేరమూ కాదు. అయినా ఆమె కూడా ఆగిపోయారు. పదవి చివరికి జానెట్ రెనోకు దక్కింది. పిల్లల పెంపకం గురించిన ఈ నిలదీత అంతకుముందు ఆ పదవికి వచ్చిన మగవాళ్లకు ఎదురుకాలేదన్నది కూడా చెప్పుకోవాలి.

ఆ గొడవ ఫలితంగా 1994 అక్టోబరులో చట్టం సులువైంది. మూడు నెలలకు 50 డాలర్ల హద్దు పోయి ఏడాదికి 1,000 డాలర్లయింది. మూడు నెలలకోసారి పంపే పత్రం బదులు కుటుంబం తన ఆదాయపు పన్ను రిటర్నుతోపాటు షెడ్యూల్ హెచ్ జతచేస్తే చాలు. సగటు వేతనాలతోపాటు పెరిగే ఆ హద్దు 2025లో 2,800 డాలర్లకు చేరింది. జీతం ఆ హద్దుకు చేరితే యజమాని, ఆయా చెరో 7.65 శాతం కట్టాలి. జనవరి నెలాఖరుకల్లా ఆమెకు జీతం, పన్నుల వివరాలుండే డబ్ల్యూ-2 పత్రం ఇవ్వాలి. ఆమె ఆదాయపు పన్ను కోయడం మాత్రం తప్పనిసరి కాదు. తమ ఇంట్లో నివసించని ఆయా వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే ఒకటిన్నర రెట్ల జీతం ఇవ్వాలి. పని ఎప్పుడు, ఎలా చేయాలో కుటుంబమే చెబుతుంది కాబట్టి ఆమెను కాంట్రాక్టరుగా చూపడం చెల్లదు. 2010లో న్యూయార్క్ రాష్ట్రం వారానికొక సెలవును కూడా హక్కుగా గుర్తించింది.

చేతికి నగదు ఇస్తే ఇద్దరికీ లాభమే కదా అన్న మాట తరచుగా వినిపిస్తుంది. అది తప్పు. సొంత కష్టం మీద పింఛను రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని, రికార్డులో ఉండాలి. నగదు తీసుకున్న ఏళ్లు అక్కడ కనిపించవు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర దగ్గరిదే. అమ్మమ్మో నానమ్మో వచ్చి కొన్ని నెలలు మనవల్ని చూసి తిరిగి వెళ్లాక, తెలుగు మాట్లాడే మనిషి కోసం వెతుకుతారు. విజిటర్ వీసా మీద వచ్చినవారిని జీతానికి పెట్టుకోకూడదు. కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారికి పని అనుమతి పత్రం ఉంటేనే పెట్టుకోవచ్చు.