దాణా, ఆహారం మధ్య గీత: జన్యుమార్పిడి మొక్కజొన్న భద్రతను సూరత్ పత్తిచెక్క వైపు నుంచి చూస్తే

మన దేశంలో జన్యుమార్పిడి మొక్కజొన్న వాణిజ్య సాగుకు అనుమతి లేదు. అయినా జన్యుమార్పిడి పంట మన వంటింట్లోకీ పశువుల కొట్టంలోకీ పత్తి రూపంలో ఎప్పుడో వచ్చేసింది. ఆ రాకను పరిశీలించడానికి సూరత్ తగిన చోటు. ప్రపంచంలో తొలి వాణిజ్య సంకర పత్తి అయిన హైబ్రిడ్-4ను సి.టి. పటేల్ 1970లో ఇక్కడి పత్తి పరిశోధన కేంద్రం నుంచే అందించారు. గుజరాత్‌లో పత్తిగింజల నూనె నిత్యం వాడే వంటనూనె. గానుగలో మిగిలిన చెక్క పాడి గేదెల తొట్టిలోకి చేరుతుంది. 2002 మార్చిలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఆ నూనె, ఆ చెక్క క్రమంగా బీటీ గింజలవే అయ్యాయి. పత్తిని మనం నారపంటగానే లెక్కగట్టాం. తిండిగింజగా దాని గురించి జరగాల్సినంత చర్చ జరగలేదు.

పరీక్షలు జరగలేదని చెప్పడం మాత్రం అన్యాయం. అనుమతికి ముందు బీటీ పత్తిగింజల్ని కర్నాల్‌లో పాడి ఆవులకు, పంత్‌నగర్‌లో గేదెలకు, ఇజ్జత్‌నగర్‌లో కోళ్లకు, లక్నోలో మేకలకు, ముంబైలో చేపలకు పెట్టి చూశారు. మామూలు పత్తిగింజలు తిన్న జీవాలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నూనె విషయంలో చిక్కు ఇంకా తక్కువ. శుద్ధి చేశాక అందులో ప్రొటీన్ దాదాపు మిగలదు, క్రై1ఏసీ అనే బీటీ ప్రొటీన్ ఉంటే గింటే చెక్కలోనే ఉంటుంది. పత్తిగింజలో పుట్టుకతోనే ఉండే గాసిపాల్ అనే విషపదార్థం సంగతి వేరు. నెమరువేసే పెద్ద పశువులు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి, లేగదూడలూ కోళ్లూ తట్టుకోలేవు. కాబట్టి కొత్త ప్రొటీన్ ఒక్కదాన్నే పట్టి చూస్తే చాలదు, గింజ మొత్తాన్నీ పాత గింజతో పోల్చాలి. 2003లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఖరారు చేసిన మార్గదర్శకాలూ, 2008లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వెలువరించినవీ ఈ పోలికనే ఆధారం చేసుకున్నాయి.

పరిశీలనలో కొరత అనుమతి వచ్చిన తరువాత మొదలైంది. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి ఏరేసిన చేలల్లోకి తోలిన గొర్రెలు చనిపోతున్నాయని కాపరులు మొరపెట్టుకున్నారు. ఇప్పగూడెం, వాలేరు వంటి ఊళ్లు తిరిగిన స్వచ్ఛంద సంస్థలు బీటీ ఆకును అనుమానించాయి. నమూనాల్లో నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు కనబడ్డాయనీ, బీటీ ప్రొటీన్‌కు సంబంధం లేదనీ అధికారుల వైపు నుంచి జవాబు వచ్చింది. శాస్త్రపరంగా ఆ జవాబు నమ్మదగిందే అని నా అభిప్రాయం. క్రై ప్రొటీన్ పురుగు పేగులోని క్షారగుణంలో చురుకవుతుంది, అక్కడి ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కుంటేనే దెబ్బతీస్తుంది. గొర్రె కడుపు అలాంటిది కాదు. కానీ కాపరి అడిగింది సిద్ధాంతం కాదు, తన మంద ఎందుకు చచ్చిందని. ఆ ప్రశ్నకు కళేబరం చెడక ముందే కోసి చూసే పశువైద్యుడు, అదే చేనులోని ఆకు, పక్క చేనులో మామూలు పత్తి మేసిన మంద లెక్క కావాలి. ఇవన్నీ ఒకచోట, ఒకేసారి దొరికే ఏర్పాటు లేకపోయింది. అందుకే ఆ వివాదం ఇప్పటికీ రెండు పక్షాల నమ్మకంగానే మిగిలింది.

మొక్కజొన్నకు వస్తే అమెరికాలో స్టార్‌లింక్ అనే బీటీ మొక్కజొన్న రకం ఉదంతం తప్పక చూడాలి. ఈ రకంలోని క్రై9సీ ప్రొటీన్ వేడికి సులువుగా చెడదు. కడుపులోని ఆమ్లాన్ని, పెప్సిన్‌ను పోలిన ద్రవంలో వేసి చూస్తే, మామూలు క్రై ప్రొటీన్లు త్వరగా ముక్కలవుతాయి, ఇది మాత్రం నిలిచింది. జీర్ణం కాని ప్రొటీన్ అలర్జీ కలిగించే అవకాశం ఎక్కువ గనుక 1998లో దాన్ని దాణాకు మాత్రమే అనుమతించారు. 2000 సెప్టెంబరులో అదే మొక్కజొన్న టాకో రొట్టెల్లో బయటపడింది. అలర్జీ వచ్చిందన్నవారి రక్తాన్ని పరీక్షిస్తే ఆ ప్రొటీన్ వల్లనే అన్న ఆధారం దొరకలేదు. అయినా పొలం, లారీ, గోదాము, మర ఒకటే అయినప్పుడు దాణా గింజ, తిండి గింజ అనే గీత కాగితం మీదే ఉంటుందని తేలిపోయింది.

అంత కట్టుదిట్టమైన చోటే ఆ గీత నిలవలేదు. మన చట్టమైతే దాన్ని ఇంకా గట్టిగా గీసింది. 2006 నాటి ఆహార భద్రత చట్టం ఇచ్చిన నిర్వచనంలో పశువుల దాణా ఆహారం కాదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఉత్తర్వు ప్రకారం 2021 మార్చి నుంచి మొక్కజొన్న సహా 24 పంటల దిగుమతికి జన్యుమార్పిడి కాదన్న ధ్రువపత్రం కావాలి, పొరపాటున కలిసింది ఒక శాతం దాటరాదు. అదే ఏడాది ఆగస్టులో కోళ్ల దాణా కోసం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయాచెక్క దిగుమతికి కేంద్రం తలుపు తెరిచింది. చెక్కలో మొలకెత్తే జీవం లేదన్నది పర్యావరణ శాఖ వాదన. పర్యావరణం వరకు ఆ వాదన సరే. దాణా భద్రతకు అది సమాధానం కాదు.

ఎవరు ఎంత తింటారన్న లెక్క మొక్కజొన్నకు మరీ ముఖ్యం. తెలుగు రాష్ట్రాల్లో అది ప్రధానంగా కోళ్ల మేత. సగటు మనిషి తినేది కొద్దే. కానీ దాహోద్, పంచమహల్ జిల్లాల ఆదివాసీలకు మక్క రొట్టే పూట భోజనం. అక్కడి నుంచి సూరత్‌కు భవనాల పనికి వచ్చే కూలీ కుటుంబాలు కూడా ఆ పిండినే వెంట తెచ్చుకుంటాయి. దేశ సగటుతో భద్రత తేల్చేస్తే వీళ్లు లెక్కలోకే రారు. అత్యధికంగా తినేవారి మోతాదునే ప్రమాణంగా తీసుకోవాలి. ఇదే లెక్కలో లాభం వైపు కూడా చూడాలి: కాండం తొలిచే పురుగు తగ్గితే కంకికి పట్టే ఫ్యుజేరియం బూజు, దాని ఫ్యుమోనిసిన్ విషం తగ్గుతాయని బీటీ మొక్కజొన్న పండించే దేశాల అనుభవం. రొట్టె తినే బిడ్డకు ఇది చిన్న మేలు కాదు.

జన్యుమార్పిడి మొక్కజొన్నకు అనుమతి కోరే రోజు వస్తే, 90 రోజుల ఎలుకల పరీక్షతో పాటు దాణా మిల్లులో ప్రతి లాటు నుంచి నమూనా తీసి దాచే నిబంధన, జిల్లా పశువైద్య ప్రయోగశాలలో దాన్ని పరీక్షించే వసతి ముందే సిద్ధంగా ఉండాలి. ఇందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. విత్తనంలో బీటీ ప్రొటీన్ ఉందో లేదో నిమిషాల్లో చూపే పట్టీలను నాగపూర్ కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ నకిలీ విత్తనాలను పట్టుకోవడానికి ఎప్పుడో తయారుచేసింది. మొక్కజొన్నలోని ప్రొటీన్‌కు తగ్గ పట్టీలను దాణా గోదాములోకీ పిండిమర దగ్గరికీ చేర్చే బాధ్యత ఏ శాఖదో అనుమతి పత్రంలోనే రాసి ఉండాలి.