అత్యుత్తమ సెంటర్ ఎవరు? తరాలు మారినా తేలని బాస్కెట్‌బాల్ వాదన

నోయిడా: బాస్కెట్‌బాల్ చరిత్రలో అత్యుత్తమ సెంటర్ ఎవరన్న ప్రశ్నకు అమెరికాలో ఏడు దశాబ్దాలుగా ఏకాభిప్రాయం లేదు. బిల్ రసెల్, విల్ట్ చాంబర్లిన్, కరీం అబ్దుల్ జబ్బార్, హకీమ్ ఒలాజువాన్, షకీల్ ఓనీల్, నికోలా యోకిచ్ పేర్లు ప్రతి చర్చలోనూ వినిపిస్తాయి. 2017 మేలో గ్రేటర్ నోయిడాలోని జేపీ గ్రీన్స్ క్రీడా ప్రాంగణంలో ఎన్‌బీఏ అకాడమీ ఇండియా ప్రారంభమైనప్పటి నుంచి ఈ ప్రశ్నకు భారత్‌లోనూ ప్రాధాన్యం ఏర్పడింది. పొడవైన బాలుడికి ఏ ఆట నేర్పాలన్నది, సెంటర్ గొప్పతనాన్ని దేనితో కొలుస్తామన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

సెంటర్ అంటే ఎవరు?

బాస్కెట్‌బాల్ జట్టులో ఒకేసారి ఐదుగురు ఆడతారు. వారిలో సాధారణంగా అందరికంటే పొడవైనవాడు సెంటర్. రింగుకు దగ్గరగా నిలిచి పాయింట్లు సాధించడం, ప్రత్యర్థి షాట్లను అడ్డుకోవడం, గురి తప్పి తిరిగివచ్చిన బంతిని అంటే రీబౌండ్‌ను అందుకోవడం అతని సంప్రదాయ బాధ్యతలు. ఎత్తు ఇచ్చే ఈ ఆధిక్యాన్ని అదుపు చేసేందుకు నిర్వాహకులు నిబంధనలను పలుమార్లు సవరించారు. వేర్వేరు తరాల సెంటర్లను పోల్చడం కష్టం కావడానికి మూలకారణం ఇదే. వారంతా ఆడింది పేరుకు ఒకే ఆట అయినా, ఒకే నిబంధనల కింద కాదు.

మైకాన్: నియమాలను మార్చిన తొలి దిగ్గజం

6 అడుగుల 10 అంగుళాల జార్జ్ మైకాన్ వృత్తిపర బాస్కెట్‌బాల్‌కు తొలి మహా సెంటర్. 1949 నుంచి 1954 వరకు జరిగిన ఆరు సీజన్లలో మినియాపొలిస్ లేకర్స్ ఐదుసార్లు విజేతగా నిలవడానికి ఆయనే ఇరుసు. రింగు ముందున్న లేన్ అనే గీతల మధ్య భాగంలో దాడి చేసే జట్టు ఆటగాడు మూడు సెకన్లకు మించి నిలవకూడదు. మైకాన్‌ను రింగుకు దూరంగా ఉంచేందుకు 1951లో ఈ లేన్ వెడల్పును 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. అంతకుముందు 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు ఆయనకు బంతి అందకుండా కాలయాపన చేసి, లేకర్స్‌ను 19-18 తేడాతో ఓడించింది. ఇటువంటి నత్తనడక ఆటకు తెరదించేందుకు 1954లో 24 సెకన్ల షాట్ గడియారాన్ని ప్రవేశపెట్టారు.

రసెల్, చాంబర్లిన్: విజయాలా, రికార్డులా?

అత్యంత తీవ్రమైన వాదన ఈ ఇద్దరి చుట్టూనే నడిచింది. బోస్టన్ సెల్టిక్స్ సెంటర్ బిల్ రసెల్ 1957 నుంచి 1969 వరకు 13 సీజన్లలో 11 టైటిళ్లు సాధించారు. చివరి రెండింటిని ఆటగాడిగా, కోచ్‌గా ద్విపాత్ర పోషిస్తూ గెలిచారు. కెరీర్‌లో ఆయన సగటు మ్యాచ్‌కు 15.1 పాయింట్లే. అయినా ఐదుసార్లు అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం ఎంవీపీ ఆయననే వరించింది. షాట్‌ను అడ్డుకోవడమే కాక బంతిని సహచరుడికి అందేలా మళ్లించడం ఆయన ప్రత్యేకత.

చాంబర్లిన్ ఘనత అంకెల్లో కనిపిస్తుంది. 1961-62 సీజన్‌లో ఆయన సగటు 50.4 పాయింట్లు. 1962 మార్చి 2న హెర్షీ పట్టణంలో న్యూయార్క్ నిక్స్‌పై ఒక్క మ్యాచ్‌లోనే 100 పాయింట్లు సాధించారు. ఒకే మ్యాచ్‌లో 55 రీబౌండ్ల రికార్డు కూడా ఆయనదే. 1960లో రసెల్ జట్టుపైనే ఈ ఘనత నమోదైంది. 1964లో లేన్‌ను 16 అడుగులకు విస్తరించడానికీ ఆయన ఆధిపత్యమే కారణం. అయితే ప్లేఆఫ్స్‌లో వీరిద్దరి జట్లు ఎనిమిది సిరీస్‌లలో తలపడగా ఏడింటిలో రసెల్ జట్టే నెగ్గింది. చాంబర్లిన్ ఖాతాలో చేరినవి 1967, 1972 టైటిళ్లు మాత్రమే.

రసెల్ చుట్టూ మేటి సహచరులు ఉన్నారని చాంబర్లిన్ అభిమానులు గుర్తుచేస్తారు. సహచరులను మేటిగా తీర్చిదిద్దడమే సెంటర్ పని అని రసెల్ అభిమానులు బదులిస్తారు. ఒక వ్యక్తి ప్రతిభకు జట్టు విజయం ఎంతవరకు కొలబద్ద కాగలదన్నదే ఈ వాదనకు కేంద్రం.

అబ్దుల్ జబ్బార్: దీర్ఘకాల నిలకడ

7 అడుగుల 2 అంగుళాల కరీం అబ్దుల్ జబ్బార్ 1969 నుంచి 1989 వరకు 20 సీజన్లు ఆడారు. ఆరు టైటిళ్లు, ఆరు ఎంవీపీ పురస్కారాలు అందుకున్నారు. ఆరుసార్లు ఎంవీపీగా నిలిచిన ఆటగాడు మరొకరు లేరు. ఆయన సాధించిన 38,387 పాయింట్ల రికార్డును 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ అధిగమించే వరకు దాదాపు నాలుగు దశాబ్దాలపాటు ఎవరూ చేరుకోలేకపోయారు. ఆయన లూ అల్సిండర్ పేరుతో కళాశాల జట్టుకు ఆడుతున్న రోజుల్లోనే, 1967లో, అమెరికా కళాశాల పోటీల్లో బంతిని పైనుంచి రింగులోకి దించే డంక్‌ను నిషేధించారు. ప్రత్యర్థికి పక్కగా తిరిగి, ఒంటి చేతిని తలపైకి చాచి బంతిని వదిలే ‘స్కైహుక్’ ఆయన ప్రధానాస్త్రం. విజయాలు, వ్యక్తిగత గణాంకాలు, దీర్ఘకాలికత మూడూ కలిపి చూసేవారిలో చాలామంది అగ్రస్థానాన్ని ఆయనకే ఇస్తారు.

ఒలాజువాన్ నైపుణ్యం, ఓనీల్ బలం

నైజీరియాలోని లాగోస్‌లో జన్మించిన హకీమ్ ఒలాజువాన్ బాల్యంలో ఫుట్‌బాల్ గోల్‌కీపర్. హ్యాండ్‌బాల్ కూడా ఆడారు. కౌమారంలో బాస్కెట్‌బాల్‌కు వచ్చిన ఆయనకు ఆ ఆటల పాదాల కదలిక వరమైంది. 1994లో ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ పురస్కారాలను ఒకే సీజన్‌లో దక్కించుకున్నారు. ఈ ఘనత మరెవరికీ లేదు. 3,830 బ్లాక్‌ల రికార్డు ఇప్పటికీ ఆయన పేరిటే ఉంది. 1995 ఫైనల్స్‌లో ఆయన నాయకత్వంలోని హ్యూస్టన్ రాకెట్స్ 4-0తో యువ షకీల్ ఓనీల్ ఆడిన ఒర్లాండో మ్యాజిక్‌ను ఓడించింది.

ఆ తర్వాతి కాలం ఓనీల్‌దే. 2000, 2001, 2002 సంవత్సరాల్లో లాస్ ఏంజెలిస్ లేకర్స్ తరఫున వరుసగా మూడు టైటిళ్లు, మూడు ఫైనల్స్ ఎంవీపీ పురస్కారాలు గెలిచారు. 2006లో మయామి హీట్‌తో నాలుగో టైటిల్ అందుకున్నారు. భారీ దేహాన్ని వేగంగా కదిలించగల ఆయనను రింగు దగ్గర ఒక్కరే నిలువరించడం అసాధ్యంగా ఉండేది. ఫ్రీ త్రోలలో మాత్రం సగానికి కాస్త ఎక్కువే సఫలమయ్యారు. అందుకే ప్రత్యర్థులు కావాలనే ఆయనపై ఫౌల్ చేసేవారు.

యోకిచ్: ఆటను నడిపించే సెంటర్

2001-02 సీజన్ నుంచి ఎన్‌బీఏ జోన్ డిఫెన్స్‌ను అనుమతించింది. దీంతో రింగు వద్ద నిలిచే సెంటర్‌ను పలువురు చుట్టుముట్టడం సులువైంది. మూడు పాయింట్ల షాట్ వినియోగం పెరిగింది. ఆల్‌స్టార్ ఓటింగ్ పత్రం నుంచి 2013 పోటీలకు ముందు సెంటర్ అనే విభాగాన్నే తొలగించారు.

సెంటర్ల కాలం ముగిసిందన్న అభిప్రాయాన్ని సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్ తిప్పికొట్టాడు. 2014 డ్రాఫ్ట్‌లో 41వ స్థానంలో ఎంపికైన అతడు 2021, 2022, 2024లలో ఎంవీపీగా నిలిచాడు. 2023లో డెన్వర్ నగ్గెట్స్‌కు తొలి టైటిల్ అందించాడు. 2024-25 సీజన్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింటిలోనూ రెండంకెల సగటు సాధించిన తొలి సెంటర్ అయ్యాడు. అతని బలం ఎగిరే శక్తి కాదు, పాస్ ఇవ్వడంలోని ముందుచూపు.

అంకెలతో చిక్కు

గణాంకాలే తీర్పు చెబుతాయనుకుంటే అక్కడా ఆటంకాలున్నాయి. ఎన్‌బీఏ బ్లాక్‌లను అధికారికంగా లెక్కించడం 1973-74 సీజన్‌లో మొదలైంది. అప్పటికే రసెల్, చాంబర్లిన్ ఇద్దరూ లీగ్‌ను వీడారు. షాట్లను అడ్డుకోవడంలో చరిత్రలోనే అగ్రగణ్యులుగా పేరొందిన వారి ఖాతాలో అధికారికంగా ఒక్క బ్లాక్ కూడా లేదు. మూడు పాయింట్ల గీత 1979-80లో వచ్చింది. రసెల్ తొలినాళ్లలో లీగ్‌లో ఉన్నవి ఎనిమిది జట్లే, ఇప్పుడు 30. తక్కువ జట్ల మధ్య టైటిల్ సులభమని కొందరు, ప్రతిభ కొద్ది జట్లలోనే కేంద్రీకృతమైనందున పోటీ కఠినమని మరికొందరు వాదిస్తారు.

భారత్‌కు అందిన పాఠం

ఈ మార్పుల ప్రభావం భారతీయ క్రీడాకారులపైనా పడింది. పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లో కే గ్రామానికి చెందిన 7 అడుగుల 2 అంగుళాల సత్నాం సింగ్ భమరా లూధియానా అకాడమీలో ఆట నేర్చుకుని, 2010లో శిక్షణ కోసం అమెరికా వెళ్లారు. 2015 జూన్ 25న డల్లాస్ మావెరిక్స్ 52వ స్థానంలో ఆయనను ఎంపిక చేసింది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు ఆయనే. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఎన్‌బీఏ విజేతగా నిలిచింది. ఆ ఫైనల్స్ నాలుగో మ్యాచ్ నుంచి ఆ జట్టు తన సెంటర్ ఆండ్రూ బోగట్‌ను ఆరంభ ఐదుగురిలోంచి తప్పించి, పొట్టి ఆటగాళ్లతోనే గెలిచింది. సంప్రదాయ సెంటర్‌కు గిరాకీ తగ్గుతున్న వేళ సత్నాం ఆ తలుపు తట్టారు. ఆయనకు ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం దక్కలేదు.

గ్రేటర్ నోయిడా అకాడమీలో శిక్షణ పొందిన పంజాబ్ యువకుడు ప్రిన్స్‌పాల్ సింగ్ ఎత్తు దాదాపు 6 అడుగుల 10 అంగుళాలు. మైకాన్, రసెల్‌ల ఎత్తూ అంతే. కానీ నేటి ఆటలో అతడు ఫార్వర్డ్. బయటి నుంచి షాట్ వేయడం, బంతితో కదలడం, తనకంటే పొట్టివారిని కాపలా కాయడం అతనికి తప్పనిసరి. 2021లో లాస్ వెగాస్ సమ్మర్ లీగ్ గెలిచిన శాక్రమెంటో కింగ్స్ జట్టులో అతడు సభ్యుడు.

కొలమానాన్ని బట్టే తీర్పు

టైటిళ్లే ప్రమాణమైతే రసెల్‌కు సాటి లేరు. ఒక్క సీజన్ గణాంకాలే ప్రమాణమైతే చాంబర్లిన్, సుదీర్ఘ నిలకడ అయితే అబ్దుల్ జబ్బార్, దాడిలోనూ రక్షణలోనూ సమాన నైపుణ్యం అయితే ఒలాజువాన్, రింగు వద్ద తిరుగులేని బలం అయితే ఓనీల్, జట్టు మొత్తాన్ని ఆడించే నేర్పు అయితే యోకిచ్ ముందుంటారు. వీరందరిలో ఉమ్మడిగా కనిపించేది ఒక్కటే. ఎత్తు వారికి ఆటలో ప్రవేశం కల్పించింది. చరిత్రలో స్థానాన్ని మాత్రం రసెల్‌కు రక్షణ, అబ్దుల్ జబ్బార్‌కు స్కైహుక్, ఒలాజువాన్‌కు పాదాల కదలిక, యోకిచ్‌కు పాస్ సంపాదించిపెట్టాయి. ఊళ్లో అందరికంటే పొడవైన పిల్లవాడిని ముందుగా గుర్తించి ఆటకు తీసుకువచ్చే అలవాటున్న భారత బాస్కెట్‌బాల్‌కు ఈ వాదన చెప్పే సంగతి కూడా అదే.