డేరా అస్తరు

డేరా పైగుడ్డకు లోపల, కొద్ది ఎడంతో వేలాడదీసే రెండో గుడ్డ. వెచ్చదనాన్ని కాపాడేది ఈ గుడ్డ కన్నా రెండు పొరల మధ్య కదలక నిలిచిన గాలి. అస్తరు పైగుడ్డకు అతుక్కుంటే ఆ లాభం పోతుంది. చల్లటి పైగుడ్డ మీద పేరుకున్న ఊపిరి తేమ పడుకున్నవారిపై చిందకుండా కూడా అస్తరు అడ్డుకుంటుంది. లోపల కుంపటి పెడితే మాత్రం గాలి ఆడే సందు తప్పనిసరి, లేకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

అస్తరుకు తెలుగు నేల ఇచ్చిన గొప్ప కానుక మచిలీపట్నం అద్దకం. 1664 చివర ఔరంగజేబు కాశ్మీరు యాత్రలో వెంట నడిచిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, చక్రవర్తి డేరాలకు బయట ఎర్రగుడ్డ, లోపల చేతితో చిత్రించిన మచిలీపట్నం చీటిగుడ్డ ఉండేవని రాశాడు.